బుగ్గలు పీక్కుపోయి, పొట్ట పెరిగి: ఏఆర్‌టీ వాడేవారిలో కొవ్వు మార్పులకు ఏం చేయాలి

మీ ప్రశ్నలో ఉన్నది ముందు క్లుప్తంగా రాస్తాను, చదివే మిగతావాళ్ళకూ తెలుస్తుంది. మీ అన్నయ్యగారికి 48 ఏళ్ళు, ఎత్తు 165 సెం.మీ. 2007లో ఏఆర్‌టీ, అంటే హెచ్ఐవీని అదుపులో ఉంచే మందులు, మొదలైంది. మొదట స్టావుడిన్ ఉన్న బిళ్ళ, 2011 నుంచి జిడోవుడిన్ ఉన్న బిళ్ళ, 2021 నుంచి టీఎల్‌డీ అనే మూడు మందులు కలిపిన బిళ్ళ. బుగ్గలు, చేతులు, కాళ్ళు ఎప్పుడో సన్నబడ్డాయి. టీఎల్‌డీకి మారాక బరువు 58 నుంచి 67 కిలోలకు, నడుము 96 సెం.మీ.కి వచ్చింది. మెడ వెనక కొద్దిగా ఉబ్బు. పరగడుపు షుగర్ 112, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు) 260. వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, కనిపించని స్థాయిలోనే ఉంది. బుగ్గలు నిండాలంటే నెయ్యి బాగా వాడమని ఒకరు, పొట్ట తగ్గాలంటే టీఎల్‌డీ ఆపి పాత మందు అడగమని ఇంకొకరు చెప్పారు. మాఘమాసంలో అమ్మాయి పెళ్ళి, ఈలోగా ముఖం కాస్త బాగుపడుతుందా అని ఆయన బెంగ.

ఆ రెండు సలహాలూ పాటించకండి. ఆయనకున్నది ఒక సమస్య కాదు, రెండు. బుగ్గలు, కాళ్ళలో కొవ్వు కరిగిపోవడం ఒకటి, పొట్టలో కొవ్వు చేరడం ఇంకొకటి. కారణాలు వేరు, వైద్యం వేరు. రెండింటినీ కలిపి చూస్తే ఏమవుతుందంటే, బుగ్గల కోసం తిన్న నెయ్యి పొట్టకు చేరుతుంది, పొట్ట కోసం కడుపు మాడ్చుకుంటే ఉన్న కాస్త కొవ్వూ కండా కాళ్ళ నుంచి పోతుంది.

మొదట కరిగిపోయిన కొవ్వు సంగతి. మన దేశంలో ఉచిత ఏఆర్‌టీ 2004 ఏప్రిల్ 1న మొదలైంది. అప్పట్లో చవకగా, తేలికగా దొరికిన మందుల్లో స్టావుడిన్ ముఖ్యమైనది. ఎందరి ప్రాణాలో నిలబెట్టింది, అందులో అనుమానం లేదు. కానీ కణంలో శక్తి పుట్టించే మైటోకాండ్రియా తన డీఎన్‌ఏను నకలు తీసుకోవడానికి వాడే పాలిమరేజ్ గామా అనే ఎంజైమును అది దెబ్బతీస్తుంది. చర్మం కింద ఉండే కొవ్వు కణాలు దీనికి తొందరగా లొంగిపోతాయి. అందుకే బుగ్గలు లోపలికి పోతాయి, చేతుల మీద నరాలు తాళ్ళలా తేలతాయి, పిరుదులు చదునై గట్టి బల్ల మీద కూర్చోవడమే కష్టమవుతుంది. అరికాళ్ళ మంటలు, తిమ్మిర్లు వచ్చేదీ ఇదే మందుతో. 2009 చివర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని దశలవారీగా ఆపమంది, ఆ తర్వాత కొన్నేళ్ళకు మన దగ్గరా తప్పుకుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. జిడోవుడిన్ కూడా అదే కుటుంబంలోది. స్టావుడిన్ అంత ఉధృతంగా కాకపోయినా అదీ చర్మం కింది కొవ్వును తింటుంది. అంటే 2011లో మందు మారినా నష్టం ఆగలేదు, నెమ్మదించింది అంతే. నిజమైన కోలుకోవడం 2021లో టీఎల్‌డీలోని టెనోఫోవిర్ వచ్చాకే మొదలైంది. అది కూడా చాలా నిదానం. ఇలా మందు మార్చినవాళ్ళలో రెండు చేతులూ రెండు కాళ్ళూ కలిపి ఏడాదికి దాదాపు అర కిలో కొవ్వు తిరిగి చేరుతుందని స్కాన్లలో తేలింది. అద్దంలో అది కనిపించదు. కాళ్ళ కొవ్వు దాదాపు మూడో వంతు పోతే గాని మనిషి కంటికి తేడా తెలియదు. అలాగే వచ్చేటప్పుడు కూడా కొంత పేరుకుంటే గాని తెలియదు. ముఖంలో కొవ్వు ఇంకా వెనకబడుతుంది, చాలామందికి పూర్తిగా రాదు. ఈ మాట ముందే చెబితే, నెయ్యి డబ్బాల మీద, టానిక్కుల మీద పెట్టే డబ్బులు మిగులుతాయి.

కాబట్టి ఆయన మళ్ళీ పాత మందు అడిగి జిడోవుడిన్‌కు వెళ్ళడమంటే బుగ్గలను చేజేతులా ఇంకా లోపలికి నెట్టుకోవడమే. ఇంకా జిడోవుడిన్ బిళ్ళలే వాడుతున్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, ఏఆర్‌టీ సెంటర్‌లో డాక్టరుగారిని టెనోఫోవిర్‌కు గాని అబాకవిర్‌కు గాని మార్చే వీలుందా అని అడగండి. క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), హిమోగ్లోబిన్, హెపటైటిస్ బి పరీక్ష చూసి వాళ్ళు నిర్ణయిస్తారు.

ఇక పొట్ట. టీఎల్‌డీ బిళ్ళలో టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డొలుటెగ్రవిర్ 50 మి.గ్రా. ఉంటాయి. డొలుటెగ్రవిర్ వాడేవాళ్ళు బరువు పెరుగుతారన్నది నిజమే. దక్షిణాఫ్రికాలో జరిగిన అడ్వాన్స్ అనే పరీక్షలో 96 వారాలకు, టెనోఫోవిర్ డైసోప్రాక్సిల్‌తో (టీఎల్‌డీలో ఉండే పాత రకం టెనోఫోవిర్) కలిపి డొలుటెగ్రవిర్ వాడినవాళ్ళు సగటున 4 కిలోలకు పైగా పెరిగారు. డొలుటెగ్రవిర్ బదులు ఎఫావిరెంజ్ అనే పాత మందు వాడినవాళ్ళు 2 కిలోల పైచిలుకు పెరిగారు. అదే డొలుటెగ్రవిర్‌ను టాఫ్ అనే కొత్త రకం టెనోఫోవిర్‌తో కలిపి ఇచ్చినవాళ్ళు 7 కిలోల దాకా వెళ్ళారు. ఆడవాళ్ళలో ఇంకా ఎక్కువ. ఎఫావిరెంజ్ కొందరిలో బరువును అణచిపెడుతుంది, పాత టెనోఫోవిర్ కూడా కొంత అణచిపెడుతుంది. ఆ అణచివేత లేనప్పుడు కనబడే పెరుగుదల కూడా ఈ లెక్కల్లో కలిసి ఉంది. ప్రైవేటులో టాఫ్ ఉన్న బిళ్ళ కొనుక్కుంటున్నవాళ్ళు, కిడ్నీ బాగానే ఉంటే పాత టెనోఫోవిర్‌కు మారవచ్చా అని డాక్టరును అడగడం తప్పు కాదు.

అయితే మీ అన్నయ్యగారి 9 కిలోలూ బిళ్ళ మీదికి తోసేయలేం. వయసు, తిండి, కూర్చుని చేసే పని, వీటన్నిటికీ అందులో వాటా ఉంది. ఇంకో సంగతి, డొలుటెగ్రవిర్ ఆపినంత మాత్రాన ఎక్కిన బరువు దిగుతుందన్న నమ్మకం లేదు. దిగినా అది కొద్దిపాటే. మందు మధ్యమధ్యలో మానేసి చూద్దాం అనే ఆలోచన అయితే ఇంకా ప్రమాదం. మందు ఆపి, మళ్ళీ మొదలుపెట్టి వాడినవాళ్ళలో మరణాలు, గుండెజబ్బులు పెరిగాయని స్మార్ట్ అనే పెద్ద పరీక్ష 2006లోనే తేల్చింది.

మెడ వెనక ఉబ్బు గురించి ఒక ముఖ్యమైన విషయం. మూపురంలా పెరిగే ఈ కొవ్వు హెచ్ఐవీ వల్ల, పాత మందుల వల్ల రావచ్చు. కానీ స్టెరాయిడ్ల వల్ల కూడా అచ్చం ఇలాగే వస్తుంది, దాని వైద్యం పూర్తిగా వేరు. మోకాళ్ళ నొప్పులకు, ఆయాసానికి, ఒళ్ళు నొప్పులకు ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర తరచూ సూదులు వేయించుకుంటున్నారా? పేరు లేని పొట్లాల్లో ‘ఒళ్ళు చేసే బిళ్ళలు’ వాడారా? వాటిలో డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్, ఆకలి పెంచే సైప్రోహెప్టాడిన్ కలిపి ఉండటం కొత్తేమీ కాదు. ముఖం గుండ్రంగా ఉబ్బడం, పొట్ట మీద ఊదారంగు చారలు, చిన్న దెబ్బకే కమిలిపోవడం, గొంతుకూర్చుంటే లేవలేకపోవడం, ఇవి ఉంటే స్టెరాయిడ్ అనుమానించాలి. ఉదయం 8 గంటలకు కార్టిసాల్ పరీక్ష చేయిస్తే ఒక అంచనా వస్తుంది. నెలల తరబడి స్టెరాయిడ్ వాడుతున్నారని తేలితే ఒక్కసారిగా ఆపకూడదు. ఒంట్లో సహజంగా పుట్టే కార్టిసాల్ అప్పటికి నిద్రపోయి ఉంటుంది, హఠాత్తుగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు చూస్తుండగా మెల్లగా తగ్గించాలి.

సెకండ్ లైన్‌లో, అంటే మొదటి మందులు పనిచేయనప్పుడు ఇచ్చేవాటిలో, అటాజనవిర్, లోపినవిర్, దారునవిర్ వాడేవాళ్ళకు ఈ ప్రమాదం ఎన్నో రెట్లు. వాటితోపాటు ఇచ్చే రిటోనవిర్ స్టెరాయిడ్‌ను ఒంట్లోంచి పోనివ్వదు. ఆయాసానికి పీల్చే బుడెసోనైడ్, ఫ్లుటికాసోన్ ఇన్‌హేలర్లు, మోకాలిలో వేసే ఒక్క ట్రయామ్‌సినోలోన్ స్టెరాయిడ్ ఇంజెక్షన్ కూడా చాలు, కొన్ని వారాల్లో ముఖం, మూపురం ఉబ్బిపోతాయి. ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళినా, ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి వెళ్ళినా రిటోనవిర్ వాడుతున్నానని చెప్పి తీరాలి. జబ్బు పేరు చెప్పడం ఇష్టం లేకపోతే మందు పేరు రాసిన చీటీ చూపించినా చాలు, తెలిసిన డాక్టరుకు అర్థమవుతుంది. మీ అన్నయ్యగారు టీఎల్‌డీ మీద ఉన్నారు కాబట్టి ఈ చిక్కు ఆయనకు లేదు, సూదుల సంగతి మాత్రం విచారించండి.

ఇప్పుడు కొలతలు. బరువు ఒక్కటే చూస్తే మోసపోతాం. ఆయన ఎత్తుకు 67 కిలోలంటే బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు సూచిక) 24.6. మనవాళ్ళకు 23 దాటితే అధిక బరువు, 25 నుంచి ఊబకాయం అంటారు, కాబట్టి పెద్ద ప్రమాదం లేనట్టే కనిపిస్తుంది. కానీ కాళ్ళూ చేతుల్లో కొవ్వు లేని మనిషికి 24.6 వచ్చిందంటే ఆ బరువంతా ఎక్కడ కూర్చుందో నడుము చెబుతుంది. మగవాళ్ళకు 90, ఆడవాళ్ళకు 80 సెం.మీ. దాటకూడదు. ఎత్తులో సగం అనేది ఇంకో గుర్తు. ఆయనకు అది 82.5. ఉన్నది 96.

కుట్టుమిషన్ టేపు ఒకటి చాలు. పొద్దున లేచి మూత్రానికి వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు, చొక్కా తీసి నిలబడాలి. పక్కడొక్కలో చేత్తో తడిమితే చివరి పక్కటెముక తగులుతుంది, కింద తుంటి ఎముక పై అంచు తగులుతుంది. ఆ రెంటికీ సరిగ్గా మధ్యన పెన్నుతో గీత పెట్టండి. టేపు ఆ గీత మీదుగా నేలకు సమాంతరంగా చుట్టాలి, చర్మంలోకి దిగకూడదు. మామూలుగా ఊపిరి వదిలాక చూడాలి. పొట్ట లోపలికి లాగితే 4, 5 సెంటీమీటర్లు ఉత్తినే తగ్గుతాయి, అది మనల్ని మనం మోసం చేసుకోవడం. ప్యాంటు బెల్టు సైజు లెక్కలోకి రాదు, బెల్టు పొట్ట కింద ఉంటుంది. రెండుసార్లు తీసి సగటు రాయండి. దాంతోపాటు తొడ మధ్యన, అంటే గజ్జ మడతకు మోకాటి చిప్పకు నడుమ, కుడి జబ్బ మధ్యన, అంటే భుజం కొనకు మోచేతికి నడుమ కూడా కొలవండి. నెలకోసారి, అదే తేదీన. ఒకే వెలుతురులో ముఖం ఫోటో మూడు నెలలకొకటి. ఒంట్లో కొవ్వు ఎక్కడెంతో చూపే వేల రూపాయల డెక్సా స్కాన్ కంటే ఈ అంకెలే రోజువారీ నిర్ణయాలకు పనికొస్తాయి.

పొట్ట మీద చర్మాన్ని రెండువేళ్ళతో పట్టి చూడండి. మందంగా మడత వస్తే అది చర్మం కింది కొవ్వు. చర్మం పలచగా ఉండి, పొట్ట మాత్రం డోలులా గట్టిగా ముందుకొస్తే కొవ్వు పేగుల చుట్టూ, కాలేయంలో ఉంది. రెండోదే గుండెకు, షుగరుకు చేటు. కొవ్వు పీల్చేసే లైపోసక్షన్ ఆపరేషన్‌తో దాన్ని తీయలేరు. పాత మందులు వాడినవాళ్ళలో ఎక్కువగా కనబడేది ఈ రెండో రకమే. శుభవార్త ఏమిటంటే, నడకకూ తిండి మార్పులకూ ముందుగా కరిగేది కూడా ఇదే.

తిండి విషయంలో పెద్ద పొరపాటు రాత్రి భోజనం మానేయడం. ఆయన లక్ష్యం ఆరు నెలల్లో 3 కిలోలు, అంటే నెలకు అర కిలో. అంతకంటే తొందరపడితే కండ పోతుంది. తొడ, జబ్బ కొలతలు తగ్గిపోతూ నడుము కదలకపోతే, మాడుతున్నారని, మాంసకృత్తులు చాలడం లేదని అర్థం. అప్పుడు తిండి ఇంకా తగ్గించకూడదు, పెంచాలి.

తగ్గించాల్సింది ఎక్కడ? ముందు టీ. రోజుకు నాలుగు టీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల పంచదార అంటే రోజుకు 40 గ్రాములు, నెలకు 1.2 కిలోలు. ఇది ఒక్కటి సగం చేసినా తేడా కనిపిస్తుంది. తర్వాత నూనె. నలుగురున్న ఇంటికి నెలకు 3 లీటర్లంటే తలకు రోజుకు 23 గ్రాములు, అది సరిపోతుంది. 5 లీటర్ల క్యాన్ నెలలో అయిపోతుంటే పునుగులు, బజ్జీలు, పూరీల లెక్క ఎక్కడో తేలాలి. చెంచా నూనె 40 కేలరీలు. పచ్చడి పైన తేలే నూనె కూడా నూనే.

అన్నం మానేయమని చెప్పను, చెప్పినా మన ఇళ్ళల్లో జరిగే పని కాదు. పళ్ళెం మార్చండి. సగం కూరగాయలు, ఆకుకూరలు. అందులో బంగాళాదుంప, చామదుంపలు లెక్కలోకి రావు. పావు వంతు అన్నం, పావు వంతు పప్పో, గుడ్డో, చేపో, చికెనో. కూర ముందు, అన్నం తర్వాత వడ్డించుకుంటే కొలత దానంతట అదే సర్దుకుంటుంది. మూడోసారి పెరుగన్నం కోసం విడిగా అన్నం పెట్టుకోవడమే చాలా ఇళ్ళలో లెక్క తప్పే చోటు. ఆ ముద్ద మొదటి కొలతలోనే పక్కన పెట్టుకోవాలి.

మాంసకృత్తులు ఆయనకు రోజుకు దాదాపు 70 గ్రాములు కావాలి. లెక్క చూడండి: గుడ్లు రెండు 12, పచ్చి కందిపప్పు 40 గ్రాములకు 9, పాలు, పెరుగు కలిపి 400 గ్రాములకు 13, చేప లేదా చికెన్ 100 గ్రాములకు 20, రోజంతా తినే బియ్యం, గోధుమపిండి 200 గ్రాములకు 16 దాకా. సరిపోయింది. మాంసం తినని రోజు మీల్‌మేకర్ 40 గ్రాములు నానబెట్టి కూరలో వేస్తే 20 గ్రాములు వస్తాయి, దానికంటే చవకైన మాంసకృత్తులు దొరకవు. క్రియాటినిన్ ఎక్కువ ఉన్నవాళ్ళు మాత్రం ఈ లెక్క డాక్టరును అడిగే పెట్టుకోవాలి. డొలుటెగ్రవిర్ వల్ల క్రియాటినిన్ 0.1, 0.2 పెరిగినట్టు కనబడటం మామూలే, అది కిడ్నీ చెడిపోయినట్టు కాదు.

మద్యం తాగే అలవాటుంటే, పొట్ట, ట్రైగ్లిజరైడ్లు, కాలేయం, మూడూ ఒకేసారి చెడేది అక్కడే. 260 ట్రైగ్లిజరైడ్లు చూస్తే ముందు అడగాల్సిన ప్రశ్న అది. పరీక్షకు ముందు రాత్రి పార్టీకి వెళ్ళొచ్చి ఇచ్చిన రక్తమా అన్నది కూడా అడగండి. 12 గంటలు పరగడుపున మళ్ళీ చేయిస్తే అంకె మారిపోవచ్చు.

వ్యాయామంలో నడక ఒక్కటే చాలదు. నడక పొట్టకు, బరువులు చేతులకు, కాళ్ళకు. వారంలో అయిదు రోజులు 30 నిమిషాలు, మాట్లాడగలగాలి గాని పాట పాడలేనంత వేగంతో. వారానికి రెండు మూడు రోజులు కండ పని: చేతులు కట్టుకుని కుర్చీలోంచి లేచి కూర్చోవడం 10 సార్లు, గోడకు చేతులానించి వంగి లేవడం 10 సార్లు, లీటరు నీళ్ళ సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని పైకెత్తడం 12 సార్లు, మడమలెత్తి మునికాళ్ళ మీద నిలబడటం 15 సార్లు. ఇవన్నీ ఒక చుట్టు. రెండు చుట్లతో మొదలుపెట్టి నెల తిరిగేసరికి మూడుకు పెంచండి. సీసా తేలికైతే రెండు కిలోల బియ్యం సంచి. పోయిన కొవ్వు దీనితో రాదు, కానీ కండ పెరిగితే చేతులు, పిక్కలు పుల్లల్లా కనబడవు, షుగర్ కూడా దిగుతుంది. స్టావుడిన్ వాడిన పాదాల్లో స్పర్శ తక్కువగా ఉంటుంది కాబట్టి చెప్పులతో కాదు, సాక్సు వేసి బూట్లతో నడవాలి. వచ్చాక అరికాలు అద్దంలో చూసుకోవాలి. నడిచేటప్పుడు గజ్జలో, తుంటిలో నొప్పి వారాల తరబడి ఉంటే వ్యాయామం ఆపి తుంటి ఎముక పరీక్ష చేయించాలి. ఆ ఎముక తలకు రక్తం అందక దెబ్బతినడం హెచ్ఐవీ ఉన్నవాళ్ళలో, ముఖ్యంగా స్టెరాయిడ్ వాడినవాళ్ళలో, మామూలు జనంలో కంటే ఎక్కువ.

జిమ్‌లో చేరితే పొడుల దగ్గర జాగ్రత్త. కాల్షియం, ఐరన్, జింక్, మెగ్నీషియం డొలుటెగ్రవిర్‌ను పేగులోనే పట్టేసి రక్తంలోకి పోనివ్వవు. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న నమిలే గ్యాస్ బిళ్ళలు, యాంటాసిడ్ సిరప్పులు కూడా అంతే. వాటికి 2 గంటల ముందు గాని 6 గంటల తర్వాత గాని టీఎల్‌డీ వేసుకోవాలి. కాల్షియం, ఐరన్ బిళ్ళలైతే భోజనంతోపాటు టీఎల్‌డీతో కలిపి వేసుకోవచ్చు. ప్రొటీన్ పొడి డబ్బా మీద ఖనిజాలు కలిపినట్టు రాసి ఉంటే ఇదే నియమం. కొవ్వు తగ్గించే ఆర్లిస్టాట్ బిళ్ళ వాడకండి, ఏఆర్‌టీ మందులు పేగులో ఇమడకుండా చేసి వైరల్ లోడ్ పెరిగిన ఉదంతాలున్నాయి. కండలు పెంచే హార్మోను ఇంజెక్షన్లు చర్మం కింద మిగిలిన కొవ్వును కూడా కరిగిస్తాయి, అంటే బుగ్గలు ఇంకా పోతాయి.

మందుల వైపు వద్దాం. షుగర్ 112 అంటే ఇంకా షుగర్ జబ్బు కాదు, దాని గడప దగ్గర. మూడు నెలలకోసారి చూడాలి. జిడోవుడిన్ గాని అబాకవిర్ గాని వాడేవాళ్ళలో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ పరీక్ష) ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది, వాళ్ళు పరగడుపు, తిన్నాక షుగర్ల మీదే ఆధారపడాలి. షుగర్ తగ్గించే మెట్‌ఫార్మిన్ అవసరమైతే డొలుటెగ్రవిర్‌తో కలిపి రోజుకు 1000 మి.గ్రా. మించకూడదు. ఎందుకంటే డొలుటెగ్రవిర్ దాన్ని ఒంట్లో దాదాపు 80 శాతం ఎక్కువ నిలిపి ఉంచుతుంది, విరేచనాలు, వికారం రావచ్చు, కిడ్నీ బలహీనంగా ఉంటే లాక్టిక్ యాసిడోసిస్ (రక్తంలో ఆమ్లం ప్రమాదకరంగా పెరగడం) కూడా. షుగర్ డాక్టరు 2000 రాస్తే టీఎల్‌డీ సంగతి గుర్తు చేయాలి. మెట్‌ఫార్మిన్ పొట్టను కొద్దిగా తగ్గించినా చేతులు, కాళ్ళ కొవ్వును కూడా తగ్గిస్తుంది, కాబట్టి షుగర్ లేకుండా పొట్ట కోసమే వాడటం ఆయనలాంటివాళ్ళకు మంచి బేరం కాదు.

కాలేయం గట్టిపడుతోందేమో అంచనా వేసే లెక్క రక్తపరీక్ష రిపోర్టు చూసి ఇంట్లోనే వేయొచ్చు. వయసును ఏఎస్‌టీతో గుణించాలి (ఏఎస్‌టీ, ఏఎల్‌టీ రెండూ కాలేయ ఎంజైములు). ప్లేట్‌లెట్లను (2 లక్షలైతే 200 అని రాయాలి) ఏఎల్‌టీ వర్గమూలంతో గుణించాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. ఉదాహరణకు 48 ఏళ్ళు, ఏఎస్‌టీ 40, ఏఎల్‌టీ 49, ప్లేట్‌లెట్లు 2 లక్షలు అయితే 1920ని 1400తో భాగిస్తే 1.37. 1.3 దాటింది కాబట్టి కాలేయం గట్టిదనం కొలిచే ఫైబ్రోస్కాన్ చేయించుకోవాలి. అంతకు తక్కువైతే ఏడాదికోసారి లెక్క వేసుకుంటే చాలు.

కొలెస్ట్రాల్ మందు గురించి చాలామంది ఏఆర్‌టీ సెంటర్లో అడగరు, అడగాలి. 40 దాటిన హెచ్ఐవీ ఉన్నవాళ్ళ మీద జరిగిన రిప్రీవ్ పరీక్ష 2023లో బయటికొచ్చింది. గుండెపోటు ప్రమాదం పెద్దగా లేదనుకున్నవాళ్ళకే రోజుకు 4 మి.గ్రా. పిటావాస్టాటిన్ ఇస్తే గుండెపోటు, పక్షవాతం వంటివి 35 శాతం తగ్గాయి. టీఎల్‌డీతో దానికి పేచీ లేదు. పొట్ట సైజు తగ్గదు గాని, పొట్ట చేసే నష్టం తగ్గుతుంది. రిటోనవిర్ వాడేవాళ్ళు మాత్రం సిమ్వాస్టాటిన్ అనే ఇంకో కొలెస్ట్రాల్ మందు అసలు ముట్టుకోకూడదు, కండరాలు కరిగి కిడ్నీలు దెబ్బతింటాయి.

ఇప్పుడు అందరూ అడుగుతున్న, బరువు తగ్గించే సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లకు టీఎల్‌డీతో చెప్పుకోదగ్గ పేచీ లేదు, సెమాగ్లుటైడ్ హెచ్ఐవీ ఉన్నవాళ్ళలో పేగుల చుట్టూ కొవ్వును బాగానే తగ్గించింది. కానీ ఆ ఇంజెక్షన్ పొట్టను, బుగ్గలను వేరుచేసి చూడదు. ఇప్పటికే బుగ్గలు లేని మనిషికి ముఖం ఇంకా వాడిపోతుంది, కండ కూడా పోతుంది. బీఎంఐ 30 దాటి, షుగర్ ఉండి, ముఖం నిండుగా ఉన్నవాళ్ళకు నేను మొగ్గు చూపుతాను, మీ అన్నయ్యగారికి కాదు. టెసామొరెలిన్ అనే రోజువారీ ఇంజెక్షన్‌ను అమెరికాలో 2010లో సరిగ్గా ఈ పొట్ట కోసమే అనుమతించారు. ఆరు నెలల్లో లోపలి కొవ్వు 15 శాతం పైన తగ్గిస్తుంది, ఆపగానే మళ్ళీ వస్తుంది, షుగర్ పెంచుతుంది. ఖరీదు చూస్తే దాని గురించి ఆలోచించకపోవడమే నయం.

మగవాళ్ళలో రొమ్ము పెరగడం గురించి ఒక్క మాట. చనుమొన కింద బిళ్ళలా గట్టిగా తగిలితే అది కొవ్వు కాదు, గ్రంథి. ఎఫావిరెంజ్ వల్ల వస్తుంది, మందు మారిస్తే నెలల్లో చాలావరకు తగ్గుతుంది. ఒక వైపే గడ్డ ఉండి, చర్మం లోపలికి లాగినట్టున్నా, రక్తం కారినా సర్జన్‌కు చూపించాలి.

కొవ్వు కరగడానికీ జబ్బుతో చిక్కిపోవడానికీ తేడా తెలుసుకోండి. మందుల వల్ల కరిగే కొవ్వు ఏళ్ళ తరబడి మెల్లగా పోతుంది, ఆకలి బాగానే ఉంటుంది, బలం తగ్గదు. రెండు మూడు నెలల్లో నాలుగైదు కిలోలు తగ్గి, సాయంత్రం జ్వరం, దగ్గు, రాత్రి చెమటలు ఉంటే అది కొవ్వు మార్పు కాదు. వెంటనే టీబీ పరీక్ష, వైరల్ లోడ్ చేయించాలి. డైటింగ్ పని చేస్తోందని సంబరపడి ఈ లక్షణాలను దాటేయడం జరుగుతుంటుంది.

ఇక ముఖం. బుగ్గలకు మందు బిళ్ళల్లో లేదు, నింపడమే మార్గం. రెండు రకాలున్నాయి. పాలీ ఎల్-లాక్టిక్ యాసిడ్ ఇంజెక్షన్ చర్మం కింద కొత్త కొలాజెన్ పుట్టిస్తుంది. హెచ్ఐవీ వల్ల వచ్చిన బుగ్గల లోపానికి అమెరికాలో 2004లో అనుమతి పొందింది ఇదే. నాలుగు నుంచి ఆరు వారాల ఎడంతో మూడు నుంచి అయిదు సిట్టింగులు, ఫలితం రెండేళ్ళ దాకా. ఇంజెక్షన్ వేయించుకున్నాక అయిదు రోజులు, రోజుకు అయిదుసార్లు, అయిదేసి నిమిషాలు బుగ్గ మర్దన చేసుకోవాలి, లేకపోతే గడ్డలు కడతాయి. రెండోది హయలురోనిక్ యాసిడ్ ఫిల్లర్. దిద్దిన రోజే కనిపిస్తుంది, ఏడాది అటూ ఇటూ నిలుస్తుంది. ఒంట్లోని కొవ్వే తీసి బుగ్గల్లో పెట్టే పద్ధతి కూడా ఉంది, కానీ మెడ వెనక మూపురం నుంచి తీసి పెడితే అది బుగ్గలోనూ మూపురంలాగే పెరుగుతుంది, పొట్ట మీది చర్మం కింది నుంచి తీస్తేనే మేలు. ఏ రకమైనా చర్మ వైద్యుడో ప్లాస్టిక్ సర్జనో చేయాలి. బ్యూటీ పార్లర్‌లో ‘పర్మనెంట్’ అని చెప్పి వేసే సిలికాన్ జోలికి పోవద్దు, ఏళ్ళ తర్వాత గడ్డలై కదిలిపోతుంది, తీయడం కుదరదు.

మాఘానికి ఇంకా ఆరు నెలలుంది కాబట్టి మొదటి పద్ధతికి టైం సరిపోతుంది. శ్రావణం, భాద్రపదాల్లో సంప్రదించి మొదటి సిట్టింగు, కార్తీకంలోపు మూడోది. దీపావళి తర్వాత మొదలుపెడదాం అనుకుంటే అప్పుడు హయలురోనిక్ ఒక్కటే దారి, అదీ పెళ్ళికి కనీసం నెల ముందు, వాపు, కమిలిన మచ్చలు పూర్తిగా పోయేలా. ఆస్పిరిన్, బ్రూఫెన్ లాంటివి ముందు వారంలో వాడకూడదు, కమిలిపోతుంది. అయితే గుండె కోసం ఆస్పిరిన్ ఇచ్చి ఉంటే దాన్ని సొంతంగా ఆపకూడదు, గుండె డాక్టరును అడగాలి. టీఎల్‌డీ ఏ ఒక్క రోజూ ఆపనక్కర్లేదు. క్లినిక్‌లో జబ్బు పేరు అందరి ముందూ చెప్పక్కర్లేదు, డాక్టరుకు చెబితే చాలు. ఆయన దాన్ని గోప్యంగా ఉంచాల్సిందేనని 2017 హెచ్ఐవీ చట్టం చెబుతోంది.